మనిషి దొరికే చోటు

గ్రంథాలయానికి ఎందుకెళ్తారు? పోటీ పరీక్షలకు చదువుకోవడానికో, పేపరు తిరగేయడానికో, మండుటెండలో ఫ్యాను కింద కాసేపు కూర్చోవడానికో... ఇలా చాలా జవాబులే వస్తాయి. 'మనిషంటే ఎవరో తెలుసుకోవడానికి' అని మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి ఆ బీరువాల్లో వేల ఏళ్లుగా పోగుపడుతున్నది ఆ సంగతే. చావంటే మనకెందుకంత భయం? ఊరు దాటిన తమ్ముడి ఉత్తరాన్ని అన్న ఎందుకు దాచుకుంటాడు? ఎవరిదో భాష కోసం మరెవరో అప్పులెందుకు చేస్తారు? పుస్తకాన్ని తగలబెట్టేదీ, ప్రాణాలకు తెగించి కాపాడేదీ ఒకే జాతి ఎలా అయింది? మట్టి పలకల నుంచి మనుషులే పుస్తకాలుగా కూర్చునే గ్రంథాలయం దాకా వెతికితే... అంతటా కనిపించేది మనమే!

నేస్తం పోయాక పుట్టిన ప్రశ్న

లండన్‌కు చెందిన జార్జ్ స్మిత్ పెద్దగా చదువుకోలేదు. పద్నాలుగేళ్ల వయసులోనే కరెన్సీ నోట్ల అచ్చుకు అవసరమైన బొమ్మలు చెక్కే సంస్థలో పనికి కుదిరాడు. మధ్యాహ్నం భోజన విరామం రాగానే అందరూ తిండికి పరుగెడితే, అతను మాత్రం బ్రిటిష్ మ్యూజియానికి పరుగెత్తేవాడు. అక్కడ ఇరాక్ నుంచి తెచ్చి పెట్టిన మట్టి పలకలుండేవి. వాటిమీద పిచ్చుక కాళ్ల ముద్రల్లాంటి అక్షరాలు. ఏళ్ల తరబడి చూసి చూసి ఆ లిపిని సొంతంగా నేర్చేసుకున్నాడు. చివరికి మ్యూజియం వాళ్లే పిలిచి ఉద్యోగమిచ్చారు.

1872లో ఓ రోజు స్మిత్ చేతికి ఒక విరిగిన పలక వచ్చింది. లోకమంతా నీట మునిగిపోవడం, ఒక పెద్ద ఓడ కొండకు చేరి ఆగిపోవడం, అందులోంచి వదిలిన పావురం వాలే చోటు దొరక్క వెనక్కి రావడం... చదువుతుంటే అతనికి నోట మాట రాలేదు. ఆ ఏడాది డిసెంబరు 3న దాన్ని పండితుల సభలో చదివి వినిపిస్తే, బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా వచ్చి విన్నారు. బైబిల్లోని నోవహు కథకూ, మన మత్స్యావతార గాథకూ పోలిక ఉన్న ఆ ప్రళయ కథ, గిల్గమేష్ అనే మహాకావ్యంలోని ఒక భాగం. ఆ కావ్యం మూలాలు సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటివి.

ఇంతకీ ఆ పలకలు ఎక్కడివి? క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో అస్సీరియాను ఏలిన అషుర్‌బనిపాల్‌వి. నేటి మోసుల్ పట్టణానికి ఆనుకునే ఆయన రాజధాని నినెవే ఉండేది. రాజులు సాధారణంగా గెలిచిన యుద్ధాల గురించి గొప్పలు చెప్పుకొంటారు. యుద్ధాల్లో ఈయనా తక్కువ తినలేదు గానీ, 'నాకు చదవడం, రాయడం వచ్చు' అని చెక్కించుకుని మరీ మురిసిపోయాడు. దేశం నలుమూలల నుంచీ పలకలు తెప్పించి నకళ్లు రాయించాడు. వాటిని ఎత్తుకెళ్లేవారికి దేవతల శాపం తగులుతుందని కొన్నింటి చివర రాయించి పెట్టాడు కూడా. పుస్తకం తీసుకెళ్లి తిరిగివ్వని బాపతు మనుషులు అప్పటికే ఉన్నారన్నమాట!

క్రీస్తుపూర్వం 612లో శత్రువులు నినెవేను తగలబెట్టారు. విచిత్రమేమిటంటే ఆ మంటలే గ్రంథాలయాన్ని కాపాడాయి. పచ్చిమట్టి పలకలు బట్టీలో ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. అలా రెండున్నర వేల ఏళ్లు భూమిలో భద్రంగా ఉండి, పందొమ్మిదో శతాబ్దంలో తవ్వకాలు జరిపినవారి గునపాలకు తగిలాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు ఆ పలకలూ, ముక్కలూ ముప్ఫై వేలకు పైనే ఉన్నాయి.

ఇక కథలోకి వస్తే... గిల్గమేష్ ఉరుక్ నగరానికి రాజు. బలశాలి, పొగరుబోతు. అతనికి ఎంకిడు అనే ప్రాణస్నేహితుడు దొరుకుతాడు. ఇద్దరూ కలిసి రాక్షసులను చంపుతారు, దేవతల కోపానికి గురవుతారు. ఆ శాపంతో ఎంకిడు జబ్బుపడి చనిపోతాడు. గిల్గమేష్ నమ్మలేడు. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు శవం పక్కనే కూర్చుంటాడు. ముక్కులోంచి పురుగు రాలాక గానీ నేస్తాన్ని ఖననం చేయనివ్వడు. అప్పుడు పుడుతుంది భయం... 'రేపు నేనూ ఇంతేనా?' చావులేని మందు కోసం లోకం చివరిదాకా వెళ్తాడు. ఎట్టకేలకు సముద్రం అడుగున యవ్వనాన్ని తిరిగిచ్చే మొక్క దొరుకుతుంది. దారిలో స్నానానికి దిగితే, గట్టుమీద పెట్టిన ఆ మొక్కను పాము ఎత్తుకుపోతుంది. రాజు కూర్చుని ఏడుస్తాడు. ఆ తర్వాత సొంత ఊరికి తిరిగొచ్చి, తాను కట్టించిన కోటగోడను వెంట వచ్చిన పడవవాడికి చూపిస్తాడు. మనిషి ఉండడు, చేసిన పని ఉంటుంది... అన్నదొక్కటే అతనికి మిగిలిన ఊరట.

యముడి గుమ్మంలో నచికేతుడు అడిగిందీ చావు గురించే. ఎడారి దేశంలోనైనా గంగ ఒడ్డునైనా, మనిషికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే. ఈ కథను మళ్లీ లోకానికి చదివి వినిపించిన స్మిత్ కూడా ఎంతోకాలం బతకలేదు. మరిన్ని పలకల కోసం వెళ్లి, 1876లో సిరియాలోని అలెప్పోలో జబ్బుపడి చనిపోయాడు. అప్పటికి అతని వయసు 36 ఏళ్లు.

చిత్తుకాగితాల గది

రాజులూ యుద్ధాలూ సరే, మామూలు మనుషుల సంగతేమిటి? వాళ్ల గురించి ఎవరు దాచిపెట్టారు? ఎవరూ కావాలని దాచలేదు. పారేయడానికి మనసొప్పక ఉంచేశారు, అంతే!

ఈజిప్టు రాజధాని కైరోలోని పాతబస్తీలో బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. మనం కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటామే... వాళ్లకూ అలాంటి నమ్మకమే ఉంది. దేవుడి పేరు రాసి ఉండొచ్చన్న భావంతో ఏ కాగితాన్నీ చెత్తలో వేయరు. 'గెనిజా' అనే గదిలో పడేస్తారు. కాలం గడిచేకొద్దీ దేవుడి పేరు లేనివీ అందులోనే చేరాయి. ఈజిప్టు పొడి వాతావరణం వల్ల వందల ఏళ్లయినా అవి చివికిపోలేదు. 1896లో కేంబ్రిడ్జి పండితుడు సాలమన్ షెక్టర్ అక్కడికి వెళ్లి, అనుమతి తీసుకుని ఆ కాగితాల్లో చాలావాటిని తరలించారు. ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే సుమారు 1,93,000 ముక్కలున్నాయి.

వాటిలో ఏముంది? పెళ్లి ఒప్పందాలు, విడాకుల పత్రాలు, మందుల చీటీలు, బాకీల లెక్కలు, సాయం చేయమంటూ పేదలు రాసుకున్న అర్జీలు, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుతూ విసుగొచ్చి గీసిన పిచ్చిబొమ్మలు! పనికిరాదనుకున్న ఈ కాగితాలతోనే చరిత్రకారుడు ఎస్.డి. గొయిటీన్ జీవితంలో అధికభాగం గడిపి, మధ్యధరా తీరంలోని మధ్యయుగాల సమాజం ఎలా బతికిందో కొన్ని సంపుటాల్లో వివరించారు.

ఆ కట్టల్లో మన దేశం ఊసు కూడా ఉంది. ట్యునీషియాలో పుట్టిన అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడు పన్నెండో శతాబ్దంలో మంగళూరు వచ్చి దాదాపు పదిహేడేళ్లు ఉన్నాడు. కంచు పాత్రల కార్ఖానా పెట్టాడు. ఇక్కడి నుంచి మిరియాలు, ఇనుము, వక్కలు పంపితే, ఏడెన్‌లోని స్నేహితులు అతనికి పంచదార, ఎండుద్రాక్ష, కాగితం పంపేవారు. అషు అనే స్థానిక బానిస యువతికి స్వేచ్ఛనిచ్చి ఆమెతోనే కాపురం చేశాడు. ఈ చిన్న ఆధారాలు పట్టుకునే రచయిత అమితవ్ ఘోష్ 'ఇన్ యాన్ యాంటిక్ ల్యాండ్' అనే పుస్తకం రాశారు.

ఇంకో ఉత్తరం ఉంది. చదివితే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. డేవిడ్ అనే రత్నాల వ్యాపారి ఎర్రసముద్రం ఒడ్డునున్న ఓ రేవు నుంచి తన అన్నకు రాసినది. ఎడారి ఎలా దాటాడో, దారిలో ఎన్ని కష్టాలు పడ్డాడో చెప్పాడు. రేవులో కొనదగ్గ సరుకేమీ లేదు కాబట్టి భారతదేశానికి ఓడెక్కుతున్నానన్నాడు. కంగారుపడొద్దనీ, తన భార్యకు ధైర్యం చెప్పమనీ కోరాడు. ఆ ఓడ హిందూ మహాసముద్రంలో మునిగిపోయింది. ఉత్తరం అందుకున్న అన్న మరెవరో కాదు... మధ్యయుగాల్లో అతిగొప్ప యూదు తత్త్వవేత్త, వైద్యుడు మోజెస్ మైమోనిడిస్. ఆ దెబ్బకు ఏడాదిపాటు మంచం దిగలేకపోయారాయన. తమ్ముడి చేతిరాత కనబడినా, లెక్కల పుస్తకం కనబడినా దుఃఖం మళ్లీ పొంగుకొస్తుందని ఏళ్ల తర్వాత మరొకరికి రాసుకున్నారు. లోకానికి ధైర్యం చెప్పే జ్ఞాని కూడా తమ్ముడి చేతిరాత ముందు ఉట్టి అన్నే!

పరాయివాడి పిచ్చి... మన పుణ్యం

తనది కాని మాటను ప్రేమించడం కూడా మనిషికే సాధ్యం. తెలుగువాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు కదా!

1798లో కలకత్తాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చాడు బ్రౌన్. ఉద్యోగ ధర్మంగా నేర్చుకున్న తెలుగు అతనికి వ్యసనమైంది. వేమన గురించి తెలిసింది. అప్పటి పండితులు వేమనను కవిగానే లెక్కలోకి తీసుకునేవారు కాదు. పామరుల నోళ్లలో నానే పద్యాలను పెద్దమనుషులు పట్టించుకోకపోతే, ఈ దొర మాత్రం ఊరూరి నుంచీ తాళపత్రాలు, కాగితపు ప్రతులు తెప్పించాడు. ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉన్న పద్యాలను పోల్చి చూసుకుని, ఏడొందలకు దగ్గరగా ఎంచి 1829లో ఆంగ్లానువాదంతో సహా అచ్చు వేయించాడు. పదేళ్ల తర్వాత వచ్చిన ముద్రణలో ఆ సంఖ్య వెయ్యి దాటింది.

కడపలో ఆయన బంగళా ఒక కార్ఖానాలా నడిచేది. జూలూరి అప్పయ్య వంటి పండితులు, రాయసగాళ్లు జీతాల మీద పనిచేసేవారు. ఒకరు చదవడం, ఒకరు రాయడం, ఇంకొకరు తప్పులు దిద్దడం... మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి కావ్యాలెన్నో అలా శుద్ధప్రతులుగా తయారయ్యాయి. ఖర్చంతా బ్రౌన్ జేబులోదే. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. 1850లలో అచ్చయిన ఆయన నిఘంటువులు ఈనాటికీ తెలుగు పరిశోధకుల బల్లమీద ఉంటాయి. కంపెనీ పాలనకు భాష తెలిసిన అధికారులు అవసరం, నిజమే. కానీ ఒక అధికారి అప్పులు చేసి మరీ వేమనను వెతుక్కోవాల్సిన అవసరం ఏ కంపెనీకీ లేదు.

బ్రౌన్ సేకరించినవాటిలో అధికభాగం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడే కల్నల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫియత్తులూ ఉన్నాయి. కైఫియత్తు అంటే ఊరి చరిత్ర. చెరువు తవ్వించిందెవరు, గుడి కట్టించిందెవరు, ఏ కరవులో ఊరు ఖాళీ అయింది, మళ్లీ ఎవరొచ్చి దీపం పెట్టారు... ఊళ్లోని కరణాలూ పెద్దలూ చెప్పినది చెప్పినట్టు రాసిపెట్టారు. ఊరూరా తిరిగి వాటిని సేకరించడంలో మెకంజీకి కుడిభుజంగా నిలిచినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. అచ్చంగా తెలుగువాళ్లు. దొర పేరు మిగిలింది, నడిచిన కాళ్లు మాత్రం వాళ్లవి.

కడపలో బ్రౌన్ నివసించిన బంగళా కాలక్రమంలో శిథిలమైతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి విరాళాలు సేకరించి అదే స్థలంలో గ్రంథాలయం కట్టించారు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. వేమనను వెలికితీసిన మనిషి పేరిట వెలిసిన గ్రంథాలయం, వేమన పేరుతో ఉన్న విశ్వవిద్యాలయం చేతికి రావడం... అంతకన్నా ఏం కావాలి!

పడవెక్కిన పుస్తకం

పుస్తకం దాచుకోవడం ఒక ఎత్తు. పక్కవాడి చేతిలో పెట్టడం మరో ఎత్తు. ఆ పనిలో తెలుగువాళ్లది దేశంలోనే ముందువరస.

నిజాం రాజ్యంలో పాలనంతా ఉర్దూలో సాగేది. ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు కచేరీలోనూ బడిలోనూ చోటు అంతంతమాత్రం. ఆ పరిస్థితుల్లో 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు పూనుకుని పెట్టిన ఆ గ్రంథాలయం, 'మాకూ ఓ భాష ఉంది' అని నెమ్మదిగా చెప్పిన మొదటి మాట. మూడేళ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వచ్చింది.

కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య ఈ పనిని ఉద్యమంగా మార్చారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఊరూరా తిరిగి, వయోజనులకు చదువు చెప్పడమూ గ్రంథాలయం పనేనన్నారు. 1918లో వేటపాలెంలో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో సారస్వత నికేతనం వెలిసింది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల ప్రతులను ఆ పల్లె భద్రపరిచినంతగా చాలా నగరాలు భద్రపరచలేదు. తెలుగు పత్రికలపై పరిశోధన చేసేవారు ఎంత దూరాన ఉన్నా ఓసారి వేటపాలెం రైలెక్కాల్సిందే.

గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణానికి ఇంకో ఆలోచన వచ్చింది. జనం గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి పోవాలి! అప్పట్లో కృష్ణా కాలువల మీద ప్రయాణమంతా పడవల్లోనే. 1935లో కొల్లూరు - పెదవడ్లపూడి మధ్య పుస్తకాలతో పడవ కదిలింది. గంటలకొద్దీ సాగే ప్రయాణంలో పడవలోనివాళ్లు చదువుకునేవారు, రేవులో ఊరివాళ్లు పుస్తకాలు తీసుకునేవారు.

తెలంగాణలో ఆ పడవ పని ఒక మనిషే చేశాడు. వట్టికోట ఆళ్వారుస్వామి పేదింటి బిడ్డ. ఇళ్లలో వంట చేస్తూ, హోటల్లో పనిచేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఉద్యమాల్లో జైలుకెళ్లారు. ఆయన రాసిన నవల పేరు 'ప్రజల మనిషి'. ఆయనకే ఆ పేరు సరిగ్గా సరిపోతుంది. ఇతరుల ఇంట్లో గిన్నెలు తోముతూ అక్షరం నేర్చుకున్న చెయ్యి, ఆ అక్షరాన్ని పదిమందికి పంచిపెట్టకుండా ఉండలేకపోయింది.

నిప్పు పెట్టేదీ, నీళ్లు పోసేదీ...

అన్నీ మంచి ముచ్చట్లే అయితే మనిషి కథ పూర్తికాదు. ఒక జాతిని దెబ్బతీయాలనుకున్నవాళ్లు ఆయుధాగారాల జోలికి వెళ్లడం మామూలే. గ్రంథాలయాల జోలికి ఎందుకెళ్తారు? ఎందుకంటే జ్ఞాపకం అక్కడే ఉంటుంది కాబట్టి.

1981 మే 31 రాత్రి శ్రీలంకలోని జాఫ్నా గ్రంథాలయానికి నిప్పు పెట్టారు. తమిళుల సాంస్కృతిక కేంద్రమైన ఆ భవనంలో సుమారు 97 వేల పుస్తకాలు, అరుదైన తాళపత్రాలు కాలిపోయాయి. కొన్నింటికి ప్రపంచంలో మరో ప్రతి లేదు. దూరం నుంచి ఆ మంటలు చూసిన ఒక వృద్ధ పండితుడు అక్కడికక్కడే కుప్పకూలి కన్నుమూశారని జాఫ్నావాసులు చెప్పుకొంటారు. 1992 ఆగస్టులో బోస్నియా రాజధాని సరయేవోలో జాతీయ గ్రంథాలయం మీద ఫిరంగి గుండ్లు కురిశాయి. ఆరిపిస్తుంటే మళ్లీ మళ్లీ కురిశాయి. లక్షల పుస్తకాలు బూడిదై, నల్లటి కాగితపు రవ్వలు ఊరంతా రాలాయి. అప్పుడు సిబ్బంది, మామూలు జనం గొలుసుకట్టుగా నిలబడి, తూటాల మధ్యే చేతి నుంచి చేతికి పుస్తకాలు అందించి కొన్నింటిని బయటకు తెచ్చారు. అయిదా బుతురోవిచ్ అనే గ్రంథాలయ ఉద్యోగిని ఆ దాడుల్లో ప్రాణాలు కోల్పోయారు.

2012లో ఆఫ్రికాలోని మాలి దేశంలో చరిత్రాత్మక టింబక్టు పట్టణం తీవ్రవాదుల చేతిలోకి పోయింది. అక్కడ ఖగోళం, వైద్యం, న్యాయం, కవిత్వం... ఎన్నో శాస్త్రాల చేతిరాత ప్రతులను కుటుంబాలు తరతరాలుగా ఇళ్లలో దాచుకుంటూ వస్తున్నాయి. అవి తగలబడతాయని గ్రహించిన అబ్దెల్ ఖాదర్ హైదరా, ఆయన మిత్రులు ట్రంకు పెట్టెలు కొన్నారు. చీకటిపడ్డాక ప్రతులను అందులో సర్ది ఇళ్లలోకి, అక్కడి నుంచి బళ్లలో, కార్లలో, నైజర్ నదిమీద పడవల్లో రాజధాని బమాకోకు చేర్చారు. అలా దక్కినవి సుమారు మూడున్నర లక్షలు! 2013 జనవరిలో పారిపోతూ తీవ్రవాదులు అక్కడి సంస్థలో వేల ప్రతులు తగలబెట్టారు. అప్పటికే అసలు సంపద ఊరు దాటేసింది.

కృష్ణా కాలువలో పుస్తకాల పడవ, నైజర్ నదిలో పుస్తకాల పడవ... ఒకటి పంచడానికి, ఇంకోటి బతికించడానికి. నిప్పు పెట్టినవాళ్ల పేర్లు చాలావరకు ఎవరికీ గుర్తులేవు.

ఈ పుస్తకానికి గుండె ఉంది

ఇన్ని చదివినా ఎదురుగా ఉన్న మనిషిని చదవడం వస్తుందా? ఈ ప్రశ్నలోంచే ఒక వింత గ్రంథాలయం పుట్టింది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1993లో ఒక యువకుణ్ని కత్తితో పొడిచారు. అతను బతికాడు. కానీ మిత్రులు ఊరుకోలేదు. హింసకు వ్యతిరేకంగా ఓ యువజన సంస్థ పెట్టారు. ఒకరి గురించి ఒకరికి తెలియకపోవడమే సగం గొడవలకు కారణమని వాళ్లకు అనిపించింది. 2000లో రోస్కిల్డే సంగీతోత్సవంలో రోనీ అబర్గెల్, ఆయన సహచరులు 'మానవ గ్రంథాలయం' పెట్టారు. అందులో పుస్తకాలు మనుషులే. కాసేపు 'అరువు' తీసుకుని ఎదురుగా కూర్చుని, ఏమైనా అడగొచ్చు. నాలుగు రోజుల్లో వెయ్యిమందికి పైగా 'పాఠకులు' వచ్చారు. తమాషా ఏమిటంటే, పాఠకులు రాకముందే పుస్తకాలు ఒకదాన్నొకటి చదువుకోవడం మొదలుపెట్టాయట. ఒకపక్క పోలీసు, గోడలమీద దొంగతనంగా బొమ్మలేసే కుర్రాడితో కబుర్లలో పడితే, ఇంకోపక్క ఫుట్‌బాల్ వీరాభిమాని స్త్రీవాదితో చర్చలో మునిగిపోయాడు.

ఇప్పుడు ఎనభైకి పైగా దేశాల్లో ఈ ప్రయోగం జరిగింది. 2017లో హైదరాబాద్‌కూ వచ్చింది. ఇందులో ఎవరైనా పుస్తకం కావొచ్చు... ఒకప్పుడు మద్యానికి బానిసైనవారు, చూపులేనివారు, ట్రాన్స్‌జెండర్లు, శరణార్థులు, మానసిక వ్యాధిని దాటివచ్చినవారు. పుస్తకం పేరు కూడా జనం వాళ్లకు తగిలించిన ముద్రే. అట్ట చూసి లోపలిది తెలిసిపోయిందనుకునే మన అలవాటు అక్కడ చెల్లదు. నియమాలు కూడా గ్రంథాలయానివే. పుస్తకాన్ని గౌరవించాలి. నొప్పించకూడదు. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలి. చెప్పడం ఇష్టం లేకపోతే 'ఆ పేజీ ఇంకా రాయలేదు' అనే స్వేచ్ఛ పుస్తకానికి ఉంటుంది. అయితే తిరిగెళ్లే పాఠకుడు మాత్రం వచ్చినప్పటిలా ఉండాలన్న నియమం లేదు!

ఎనిమిది పైసల బాకీ

ఇన్ని దేశాలు తిరిగొచ్చాక, మన వీధి చివరి శాఖా గ్రంథాలయం ఎలా ఉందో కూడా చూడాలిగా.

ఉమ్మడి రాష్ట్రంలో 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలు కడతారు. అంటే గ్రంథాలయం సర్కారు దయాధర్మం కాదు, మన డబ్బుతో నడిచేది. కానీ స్థానిక సంస్థలు వసూలు చేసిన సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. సొమ్ము రాకపోతే కొత్త పుస్తకం రాదు. ఖాళీ అయిన ఉద్యోగం భర్తీకాదు. వాన కురిస్తే బీరువా తడుస్తుంది.

అయినా పఠన మందిరాలు ఖాళీగా లేవు. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ పట్టుకోవడానికి ఉద్యోగార్థులు పోటీపడతారు. ఊళ్ల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో ఉంటూ, పగలంతా అక్కడే చదువుకునే పిల్లలు వాళ్లు. వాళ్లకు కావాల్సినవి పరీక్షల పుస్తకాలే కావొచ్చు. కానీ ఏదో ఒక సాయంత్రం బుర్ర వేడెక్కి, పక్క అరలోంచి ఓ నవలో, వేమన పద్యాలో బయటికి తీస్తారు. అప్పుడు ఆ పుస్తకం అక్కడ ఉండాలి!

నినెవే పలకలు నిప్పును తట్టుకున్నాయి. గెనిజా కాగితాలు కాలాన్ని తట్టుకున్నాయి. టింబక్టు ప్రతులు తుపాకులను తట్టుకున్నాయి. ఏ పుస్తకమూ తట్టుకోలేనిది ఒకటే... ఎవరూ తెరవకపోవడం.

మీరూ వెతకొచ్చు!

* ఇంట్లో అటక మీద తాతల నాటి ఉత్తరాలు, దస్తావేజులు, తాళపత్రాలు ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. తేమ తగలకుండా విడిగా పెట్టి, దగ్గర్లోని విశ్వవిద్యాలయ తెలుగు శాఖకో, రాష్ట్ర ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికో చూపించండి.

* మీ ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి ఊరి కథ చెప్పించండి. చెరువు, గుడి, కరవు, వలస... చెప్పింది చెప్పినట్టు రాసిపెడితే అదే మీ ఊరి కైఫియత్తు.

* ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లల్ని తీసుకెళ్లి సభ్యత్వం కట్టించండి.

* పాతికేళ్లుగా పలకరించని పక్కింటివారితో అరగంట కూర్చోండి. ఆ పుస్తకానికి సభ్యత్వ రుసుము కూడా ఉండదు!